రిపోర్టులో ‘జింక్ తక్కువ’ అని వస్తే

ల్యాబ్ రిపోర్టులో జింక్ తక్కువ అని కనబడితే చాలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతుంది. దాంతోపాటే ఒక ఆశ కూడా: తగ్గింది నింపితే మాటలు త్వరగా వస్తాయేమో, చదువు ఒంటబడుతుందేమో. ఈ ఆశ ఇవాళ్టిది కాదు.

1940ల్లోనే అమెరికాలోని డెట్రాయిట్‌లో హెన్రీ టర్కెల్ అనే డాక్టరు విటమిన్లు, ఖనిజాలు, థైరాయిడ్ హార్మోన్ కలిపి ‘యు సిరీస్’ పేరుతో ఈ పిల్లలకు ఇచ్చేవాడు. 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటమే డౌన్ సిండ్రోమ్‌కు కారణమని 1959లో గానీ తేలలేదు. 1981లో రూత్ హారెల్ బృందం భారీ మోతాదు విటమిన్లతో ఐక్యూ పెరిగిందని ప్రకటించింది. అధ్యయనంలో ఉన్నది 16 మంది పిల్లలు, వాళ్ళలో డౌన్ సిండ్రోమ్ ఉన్నది కొందరికే. మొదటి 4 నెలలు నిజంగా విటమిన్ మాత్రలు వేసుకున్నది 5 మందే, మిగతావాళ్ళవి మందు లేని ఉత్త మాత్రలు. తర్వాత వేరేచోట్ల డౌన్ సిండ్రోమ్ పిల్లలతో చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అప్పటికే వార్త ఎన్నో ఇళ్ళకు చేరిపోయింది.

ఆశకు శాస్త్రం వైపు నుంచి కాస్త ఊతం ఉన్నమాట నిజమే. ఒంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేసే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంది. ఆ జన్యువు మూడు కాపీలైతే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగుపడి కణాలు దెబ్బతింటాయని అనుకున్నారు. దాన్ని విరిచే మరో ఎంజైమ్‌కు సెలీనియం కావాలి. సరే, సెలీనియం, జింక్, ఎ, సి, ఇ విటమిన్లు, ఫోలినిక్ యాసిడ్ (ఫోలేట్ విటమిన్‌లో ఒక రకం) ఇచ్చి చూద్దామని బ్రిటన్‌లో 7 నెలల లోపు పసిపిల్లలు 156 మందితో పరీక్షించారు. 18 నెలలు గడిచాక కూడా ఎదుగుదలలో తేడా లేదని 2008లో ప్రచురించారు.

ఈ పిల్లల్లో జింక్ సగటున తక్కువుంటుందని చాలా అధ్యయనాల్లో కనబడింది. అయితే ఇన్ఫెక్షన్ వస్తే ఎవరికైనా రక్తంలో జింక్ పడిపోతుంది, ఈ పిల్లలకేమో ఇన్ఫెక్షన్లు ఎక్కువ. చూసుకోకుండా జింక్ ఎక్కువగా ఇస్తే ఒంట్లో రాగి తగ్గుతుంది. విటమిన్ ఎ మోతాదు మించితే లివర్‌కు దెబ్బ.

నాకు బాధేసేది, ఈ హడావుడిలో నిజమైన లోపాలు మరుగున పడటం. ఎండలోకి వెళ్ళని, ఫిట్స్ మందులు వాడే కుర్రవాళ్ళలో విటమిన్ డి తగ్గుతుంది. ఐరన్ సంగతి ఇంకా చిక్కు. మామూలుగా ఐరన్ తగ్గితే ఎర్ర రక్తకణాలు చిన్నవవుతాయి. రిపోర్టులో ఆ కణాల సైజు చెప్పే ‘ఎంసీవీ’ అంకె చూసి పసిగడతారు. డౌన్ సిండ్రోమ్‌లో ఆ కణాలు ముందే కాస్త పెద్దవి. ఐరన్ తగ్గి చిన్నవైనా అంకె నార్మల్‌గానే కనబడవచ్చు. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడాలి. ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ కూడా పెరిగి మోసం చేస్తుంది కాబట్టి పక్కనే ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పట్టించే సీఆర్‌పీ పరీక్ష చేయించాలి. ఐరన్ నిజంగానే తక్కువైతే, గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందేమో కూడా చూడాలి. వీళ్ళలో ఆ జబ్బు ఎక్కువ, అదుంటే పేగు ఐరన్‌ను సరిగా పీల్చుకోదు. ఐరన్ తగ్గితే నిద్ర కూడా చెదరొచ్చు, కాబట్టి రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూ సరిగ్గా నిద్రపోని పిల్లలకు ఈ పరీక్షలు ముందుగా అడగండి.