మాస్టారు చెప్పారు కదా అని...

పిల్లలూ,

కరాటే క్లాసులో చేరినప్పట్నుంచి మాస్టారు ఏది చెప్తే అదే వేదం అంటున్నారట, మీ అమ్మ చెప్పింది. కిక్ ఎలా కొట్టాలి, కింద పడేటప్పుడు తల నేలకి తగలకుండా ఎలా పడాలి, ఇవన్నీ ఆయన చెప్పినట్టే చెయ్యండి, అక్కడ సొంత తెలివి చూపిస్తే ఎవరి చెయ్యో విరుగుద్ది. కానీ అంత బాగా కిక్ కొడతాడు కాబట్టి మంచీ చెడూ కూడా ఆయనకే బాగా తెలుసు అనుకోకండి.

బెల్టు టెస్టులో చూసేదేంటి, కటా, అంటే ఆ వరస స్టెప్పులు, సరిగ్గా చేశాడా, ఎదురెదురుగా తలపడే స్పారింగ్‌లో నిలబడ్డాడా, అంతే కదా. కోపం వస్తే ఏం చేస్తాడో ఎవరు టెస్టు పెట్టారు? కరాటే లాంటిదే ఇంకో జపాన్ విద్య జూడో, 1882లో దాని స్కూలు పెట్టిన జిగోరో కానో నీతి గురించి చాలానే చెప్పాడు, పాపం. అదే జూడోలో 2004, 2008 ఒలింపిక్స్ రెండిట్లోనూ గోల్డ్ కొట్టిన మసాతో ఉచిషిబా, కోచ్ అయ్యాక తన స్టూడెంట్ మీదే అత్యాచారం చేశాడని 2013లో కోర్టు ఐదేళ్ల జైలు వేసింది. అదే టైంలో జపాన్ ఆడవాళ్ల జూడో టీమ్‌లో 15 మంది, కోచ్ చెంప మీద కొడుతున్నాడు, వెదురు కత్తితో బాదుతున్నాడు అని జపాన్ ఒలింపిక్ కమిటీకి కంప్లైంట్ రాశారు. జూడో ఫెడరేషన్ వార్నింగ్ ఇచ్చి ఆయన్నే ఉంచుదామని చూసింది, విషయం పేపర్లకెక్కాక గానీ ఆయన రాజీనామా చెయ్యలేదు. దేశం టీమ్‌కి ఆడేవాళ్లకే అంత కష్టమైందంటే, మీకు అడగడానికి భయమేస్తే అందులో తప్పేం లేదు.

మీరు ఒక్కటి గమనించండి. చెయ్యో కాలో మెలిపెట్టి లాక్ వేసినప్పుడు నొప్పి పుడితే అవతలివాడు చేత్తో రెండుసార్లు తట్టాలి, తట్టగానే వదిలెయ్యాలి, మీకు మొదటి రోజే చెప్పుంటారు. మాస్టారు ఏ చిన్నపిల్లాడి మీదో లాక్ వేసి చూపిస్తున్నప్పుడు వాడు తట్టగానే వదుల్తున్నాడా, లేకపోతే అందర్నీ నవ్విస్తూ ఇంకో రెండు సెకన్లు బిగిస్తున్నాడా చూడండి. ఆ రెండు సెకన్లు చాలు నాకైతే, ఇంక ఆయన గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు తగిలించుకున్నా నేను పట్టించుకోను.

ఇంట్లో చెప్పొద్దు అన్నాడంటే ఆ రోజే ఇంట్లో చెప్పెయ్యండి. స్పెషల్ కోచింగ్ అని ఒక్కరినే రమ్మంటే వెళ్లొద్దు, రాత్రిపూట మెసేజ్‌లు పెడితే అమ్మకి చూపించండి. ఎందుకు సార్ అని అడిగినందుకు వంద పుషప్స్ పనిష్మెంట్ ఇస్తే అదీ నాకు చెప్పండి, డిసిప్లిన్ అంటాడులే, అననివ్వండి.

వచ్చే వారం నేనూ క్లాసుకొచ్చి ఓ మూల కూర్చుంటా. పెద్దవాళ్లు చూడకూడదు అని మాస్టారు అన్నారో, ఫీజు పోతే పోయింది, బ్యాగు సర్దుకుని నాతో వచ్చెయ్యండి.

మీ తాతయ్య