చంకలో మొదటి బిళ్ళ

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఆ బిళ్ళే లింఫు గ్రంథి. కణాల మధ్య ఊరే నీరు రక్తంలో తిరిగి కలిసేముందు ఈ గ్రంథుల్లో వడకట్టుకుంటుంది. రొమ్ము నుంచి వచ్చే నీరు ఎక్కువగా చంకలోకే చేరుతుంది. క్యాన్సర్ కణాలు బయల్దేరినా సాధారణంగా ముందు చిక్కేది అక్కడే.

అందుకే ఒకప్పుడు రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులను పదికి పైగానే తీసేసేవారు. సత్యనారాయణపురంలో ఉండే మా పిన్నికీ అలాగే తీశారు. ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. కానీ నీరు పోయే దారి తెగిపోయి ఏడాది తిరక్కుండా కుడిచెయ్యి వాచింది. గాజులు ఎక్కలేదు. జాకెట్టుకు కుడిచెయ్యి ఒక్కటే వదులుగా కుట్టించుకునేది. ఈ వాపును లింఫెడీమా అంటారు. అలా తీయించుకున్న 100 మందిలో సుమారు 20 మందికి వస్తుంది. ఆమె బాధ చూశాక ఇది చిన్న విషయమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మా విజయవాడలో బ్యారేజీ నుంచి కాలువకు నీళ్ళు వదిలాక గుర్రపుడెక్క కొట్టుకొచ్చిందో లేదో మొదటి లాకు దగ్గర చూస్తే చాలు. అక్కడ లేకపోతే కింది లాకుల్లో వెతకక్కర్లేదు. సెంటినెల్ నోడ్ (రొమ్ము నుంచి వచ్చే నీరు మొదట చేరే గ్రంథి) బయాప్సీలో చేసేదీ అదే. రొమ్ములోకి నీలం మందునో, టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్నో, రెండింటినీ కలిపో ఎక్కిస్తారు. నీలంగా మారిన గ్రంథిని కంటితో, టెక్నీషియం చేరిన గ్రంథిని, రేడియోధార్మికతను పసిగట్టే గామా ప్రోబ్ అనే పరికరం కూతతో పట్టుకుంటారు. మామూలుగా ఒకటి నుంచి మూడు దొరుకుతాయి. వాటిని మాత్రమే తీసి పరీక్షిస్తారు. వాపు ముప్పు 100లో 5, 6కి తగ్గుతుంది. (మర్నాడు మూత్రం నీలంగానో పచ్చగానో వస్తే టెన్షన్ పడకండి, అది ఆ రంగే.)

రొమ్ము క్యాన్సర్‌లో ఈ పద్ధతి 1990ల్లో మొదలైంది. మిగతావి వదిలేస్తే ప్రాణానికి ముప్పు కాదా అన్న భయం మాత్రం చాలాకాలం ఉంది. 5,611 మంది స్త్రీలతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. మొదటి గ్రంథుల్లో క్యాన్సర్ లేనివారిలో, మిగతావి తీసినా తీయకపోయినా ఆయుర్దాయంలో తేడా కనబడలేదు. రొమ్ము ఉంచి రేడియేషన్ ఇచ్చేవారిలో ఒకటి రెండు గ్రంథులకు పాకినా అన్నీ తీయనక్కర్లేదని ఆ తర్వాత మరో పరీక్ష చూపింది.

చంకలో ముందే గడ్డలు తగులుతూ, సూది పరీక్షలో క్యాన్సరని తేలితే లెక్క వేరు.

మొన్న గుంటూరులో మా వదినకు ఆపరేషన్ అన్నప్పుడు పిన్నే వెంట వెళ్ళింది. డాక్టరుగారిని మొదట అడిగింది ఇదే: "చంకలో అన్నీ తీస్తారాండీ, మొదటిదే చూస్తారా?"

రెండు తీశారు.