ఫ్యామిలీ కోర్టు ప్రాక్టీస్: ఎక్కువ కేసులు వేసేవాళ్ళే పెద్ద లాయర్లా?

ఫ్యామిలీ సైడ్ ప్రాక్టీస్ చేస్తామని మా ఆఫీసుకు వచ్చే కొత్త జూనియర్లను ఒకటే అడుగుతాను. భర్తతో గొడవపడి పుట్టింటికొచ్చేసిన ఒకామె మీ ఎదురుగా కూర్చుంది, ముందు ఏం చేస్తారు? దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "498ఏ, డీవీసీ, మెయింటెనెన్స్... మూడూ వేసేస్తాం మేడమ్." అంటే భార్యను హింసించారన్న క్రిమినల్ కేసు (ఐపీసీ 498ఏ, 2024 జులై నుంచి బీఎన్‌ఎస్ 85), గృహహింస కేసు, భరణం కేసు అన్నమాట. అసలు ఆమెకేం కావాలో కనుక్కుంటామనేవాళ్ళు చాలా అరుదు. సరే, భర్తే వచ్చాడనుకోండి అంటే, ఆమె క్యారెక్టర్ మీద కౌంటర్‌లో, అంటే కోర్టుకిచ్చే జవాబులో, గట్టిగా రాస్తామంటారు. వాళ్ళననేం లాభం, బార్ రూంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడేది అదే.

కేసులు ఎన్ని వేస్తే అంత పెద్ద లాయర్, ఎంత ఘాటుగా రాస్తే అంత పేరు. మా ఫీల్డులో క్లయింట్లనీ లాయర్లనీ ఇద్దరినీ ముంచే అపోహ ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

కౌంటర్ సంగతే తీసుకోండి. భార్య విడాకులకు వేస్తే, భర్త తన కౌంటర్‌లో ఆమె శీలం మీద ఆరోపణలు గుప్పించిన కేసొకటి 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రుజువు లేకుండా అలా రాయడమే మానసిక క్రూరత్వమని కోర్టు తేల్చింది. తర్వాత సవరణ పెట్టుకుని ఆ మాటలు తీసేయించినా అతనికి కలిసిరాలేదు. అంటే విడాకులు వద్దని కొట్లాడుతున్న మనిషి, ఆ విడాకులకు కావాల్సిన చట్టపరమైన కారణాన్ని సొంత లాయర్ చేత రాయించి మరీ అవతలివాళ్ళకు ఇచ్చాడన్నమాట. భార్య వైపు కూడా అంతే, కావాలని పెట్టిన అబద్ధపు 498ఏ కేసు ఒక్కటైనా సరే క్రూరత్వమేనని 2014లో చెప్పారు. ఈ రెండూ తెలియకుండా ఫ్యామిలీ కోర్టులో డ్రాఫ్టింగ్‌కు కూర్చోకూడదు.

ఒకాయన వచ్చాడు, మంచి ఉద్యోగం, మనిషి మాత్రం నిద్రలేక వాడిపోయి ఉన్నాడు. భార్యకూ ఆమె ఆఫీసులో ఎవరికో ముడిపెట్టి నాలుగు పేజీలు తనే టైప్ చేసుకొచ్చాడు. ఆధారమేంటంటే ఫోన్ ఎక్కువ మాట్లాడుతుందట. అవి నేను రాయనని చెప్పి, ఎందుకు రాయనో గంటసేపు చెప్పాను. "మీరు మెతక మేడమ్" అని ఫైలు తీసుకుని వెళ్ళిపోయాడు. వేరేచోట రాయించుకున్నాడని, ఆ కౌంటర్ కాపీ ఇంట్లో టీవీ పక్కన పడి ఉంటే పదో తరగతి చదివే కూతురు చదివిందని చాన్నాళ్ళకు తెలిసింది. ఆ పిల్ల విజిటేషన్‌కు, అంటే తండ్రిని కలవడానికి, రానని జడ్జిగారి ముందే చెప్పేసింది. అప్పుడు ఏ సెక్షన్ పనికొస్తుంది చెప్పండి?

ఇక కేసుల లెక్క. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక మెయింటెనెన్స్ అడిగేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఇంకో కోర్టులో మెయింటెనెన్స్ ఆర్డరుంటే అదీ చెప్పాలి. మీరేమో డీవీసీలో ఒక జీతం, ఎంసీలో (మెయింటెనెన్స్ కేసులో) ఇంకో జీతం, ఓపీలో (విడాకుల పిటిషన్‌లో) మరో తేదీ రాసి ఉంటారు, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో జూనియర్ ఒక్కో హడావిడిలో కొట్టారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయర్ ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే బోనులో నిలబడి చెమటలు కక్కేది క్లయింటే, మీరు కాదు. అందుకే మా ఆఫీసులో పిటిషన్ కంటే ముందు తేదీల చిట్టా తయారవుతుంది: పెళ్ళి, విడిపోయిన రోజు, దెబ్బలు తగిలితే ఆస్పత్రి కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్. ఎన్ని కేసులు వేసినా అందులోంచే రాయాలి. ఇది చాదస్తమని వెళ్ళిపోయినవాళ్ళున్నారు, పోనీయండి.

కేసులే వేయొద్దనడం లేదు. దెబ్బలు తిని వచ్చిన మనిషికి డీవీసీ వేసి ప్రొటెక్షన్ ఆర్డర్ అడగడానికి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు, అక్కడ "కూర్చుని మాట్లాడుకోండి" అనే లాయర్‌ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ కేసు ఎందుకో తెలిసి వేయమంటున్నాను, అంతే.

మరి ఇలా ఉంటే ప్రాక్టీస్ ఎలా పెరుగుతుందంటారు. పెరుగుతుంది, నెమ్మదిగా. మన క్లయింట్లే మనుషుల్ని పంపుతారు, ఒక్కోసారి ఎదుటి పార్టీ తన చెల్లెల్ని తీసుకొస్తాడు. ఎదుటి లాయర్లు కూడా పంపుతారు, సెటిల్‌మెంట్‌లో మన మాట నిలబడుతుందని తెలిస్తే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చూపించి అక్కడ లాయర్లకు చోటే లేదంటారు. హక్కుగా లేదు, నిజమే, కానీ పర్మిషన్ పిటిషన్ వేసుకుని రోజూ హాజరవుతూనే ఉన్నాం. మ్యూచువల్‌లో, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకుల్లో, ఆరు నెలలు ఆగక తప్పదనీ, అసలు అక్కర్లేదనీ రెండూ వినిపిస్తాయి, రెండూ తప్పే. 2017 తీర్పు ప్రకారం మాఫీ చేయొచ్చు, కానీ ఏడాదిన్నర విడిగా ఉండటం, రాజీకి దారి మూసుకుపోవడం, పిల్లలు, డబ్బు విషయాలు తేలిపోవడం లాంటివి కోర్టు చూస్తుంది. "పెళ్ళి ఇక అతకదు" అన్న ఒక్క కారణంతో విడాకులివ్వగలిగేది 142 అధికరణ కింద సుప్రీంకోర్టే, ఫ్యామిలీ కోర్టు కాదు. 2023లో స్పష్టంగా చెప్పారు, అయినా యూట్యూబ్ చూసి వస్తారు. ఇక భార్య 498ఏ కేసు పెట్టగానే అమ్మానాన్నల్ని పోలీసులు అర్ధరాత్రి లాక్కెళ్తారేమోనని వణికిపోతూ వచ్చేవాళ్ళకు కాసిని మంచినీళ్ళిచ్చి, 2014 నుంచీ ఇలాంటి కేసుల్లో ఆటోమేటిక్ అరెస్టు లేదని, పోలీసుల నోటీసు వస్తే మాత్రం తప్పకుండా హాజరవ్వాలని చెప్పండి. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

సొంత ఆఫీసు పెట్టాలనుకునేవాళ్ళకు. అలిమోనీలో (విడాకులప్పుడు వచ్చే భరణం సొమ్ములో) ఇంత శాతం ఫీజని మాట్లాడుకోవద్దు, బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు, 2017లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సిఫార్సు చేసింది. సిఫార్సే కదా అని ఎగ్గొట్టే సీనియర్లు, జూనియర్లు నిలబడటం లేదని మళ్ళీ వాళ్ళే బాధపడతారు. ఫీజు బాకీ ఉందని క్లయింట్ ఫైలు ఆపేయడం కూడా కుదరదు, 2000లోనే తీర్పుంది. లాయర్‌ను మార్చుకుంటానంటే కాగితాలన్నీ లెక్కపెట్టి ఇచ్చి, రసీదు మీద సంతకం తీసుకుని పంపేయండి. బాకీ ఫీజు సంగతి తర్వాత వేరుగా చూసుకోవచ్చు.