అడ్డంగా కాదు, చుట్టూ కొలవాలి

జడ్చర్ల నుంచి నా పాత శిష్యుడు ఒకడు ఫోన్ చేశాడు. కారు డిక్కీలోకి సబ్‌వూఫర్ (బేస్ స్వరాలు పలికే స్పీకరు) డబ్బా తనే తయారు చేసుకుంటున్నాడు. 12 అంగుళాల స్పీకరు, 18 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్కపొట్టు అదిమి చేసిన) పలక. స్పీకరు అంచు పైకి పొడుచుకురాకుండా చెక్కతో సమంగా కూర్చోవాలని చెక్కను తొలిచే రూటర్ మిషన్‌తో చుట్టూ మెట్టు తీశాడు. తీరా పెట్టి చూస్తే స్పీకరు అందులో పడలేదు. ఉప్పుకాగితంతో రుద్దాడు. ఒకవైపు ఎక్కువ అరిగి విదియ చంద్రుడిలా సందు మిగిలింది.

"సార్, టేపు పెట్టి మూడుసార్లు కొల్చిన. మూడుసార్లు గూడ 310 మిల్లీమీటర్లే వచ్చింది. మరెందుకు పడ్తలేదు?"

"మూడుసార్లు ఒక్క తావులనే పెట్టినవు గదరా," అన్నాను.

స్పీకరు చుట్టూ ఉండే చట్రం, అంటే ఫ్రేము, నిజమైన వ్యాసం 312 మి.మీ. అట్టపెట్టె మీద రాసిన 12 అంగుళాలు 304.8 మి.మీ. మాత్రమే, అది స్పీకరు సైజు పేరే తప్ప చెక్క కోసే కొలత కాదు. ఇక టేపు సంగతి. వృత్తానికి అడ్డంగా ఎన్ని గీతలు గీసినా కేంద్రం గుండా పోయే గీతే అన్నిటికన్నా పొడవు. స్పీకరు కేంద్రాన్ని కోన్, అంటే ఊగే గరాటు, కప్పేసి ఉంటుంది కనుక టేపు ఎంతో కొంత పక్కకు జరుగుతుంది. 18 మి.మీ. జరిగితే కొలత దాదాపు 2 మి.మీ. తగ్గుతుంది. కేంద్రం తప్పిన కొలత తగ్గడమే తప్ప ఎన్నడూ పెరగదు. కాబట్టి మూడుసార్లు కొలిచి సగటు తీసినా తప్పు తప్పుగానే ఉంటుంది. లాబ్‌లో పిల్లలకు "పదిసార్లు కొలిచి సగటు తీయండి" అని చెప్తాం. ఒకే దిక్కుకు ఒరిగే తప్పులను సగటు మాన్పలేదన్న సంగతి మాత్రం చెప్పం. పోనీ వెర్నియర్ కాలిపర్స్ వాడదామంటే బడిలో ఉండేవాటి నోరు పదిహేను సెంటీమీటర్లకు మించి తెరుచుకోదు.

అందుకే చుట్టూ కొలవమన్నాను. చుట్టుకొలతలో ఒక మిల్లీమీటరు తప్పితే వ్యాసంలో తప్పేది 0.32 మి.మీ. మాత్రమే. π మన పొరపాటును మూడో వంతుకు తగ్గించి పెడుతుంది. అడవిలో చెట్టు లావును మనిషి ఛాతీ ఎత్తున, 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి కొలవడంలోనూ ఇదే సులువు ఉంది.

దారంతో కొలుస్తానన్నాడు. వద్దన్నాను. దారం సాగుతుంది, అంతకన్నా ముఖ్యంగా దానికి మందం ఉంటుంది. చుట్టినప్పుడు మనం కొలిచేది ఫ్రేము అంచును కాదు, దారం నడిమి గీతను. ఒక మిల్లీమీటరు మందం దారం వాడితే వ్యాసం సరిగ్గా ఒక మిల్లీమీటరు ఎక్కువ చూపిస్తుంది. నోటుబుక్కు కాగితం మందం 0.1 మి.మీ. దగ్గర ఉంటుంది. సన్నటి కాగితపు పట్టీ చుట్టి, కొనలు ఒకదానిమీద ఒకటి పడిన చోట సూదితో పొడిచి, విప్పి, రెండు బెజ్జాల నడుమ దూరం కొలిస్తే చాలు. అతనికి 980 మి.మీ. వచ్చింది. 22/7 తో భాగిస్తే 311.82, అసలు π తో అయితే 311.94. తేడా వెంట్రుక మందమంత. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని ఉంది, అంటే 3.1416. చెక్కపనికి అంత సూక్ష్మం అక్కర్లేదు, బడిలో నేర్చుకున్న 22/7 సరిపోతుంది.

ఈ మందం లెక్క మన ఊళ్లలో బండి చక్రాలకు పట్టా ఎక్కించిన వాళ్ల చేతుల్లో ఉండేది. 12 మి.మీ. మందం ఇనుప కమ్మిని వంచి పట్టా చేయాలంటే చక్రం చుట్టుకొలతంత కమ్మి చాలదు. మందానికి π రెట్లు, దాదాపు 38 మి.మీ., అదనంగా కావాలి. చక్రం చిన్నదైనా పెద్దదైనా అదే 38. నాకు ఇది ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. పిల్లలను అడుగుతుంటాను: భూమధ్యరేఖ చుట్టూ బిగించిన తాడును అంతటా ఒక మీటరు పైకి లేపాలంటే ఎంత తాడు కలపాలి? వేల కిలోమీటర్లంటారు. కావలసింది 6.28 మీటర్లు! స్పీకరు చుట్టూ ఒక మిల్లీమీటరు సందు కావాలంటే చుట్టుకొలతలో పెరిగేది 6.28 మిల్లీమీటర్లు. భూమికీ స్పీకరుకూ ఒకే లెక్క.

సందు విషయంలో మాత్రం బండి చక్రానిదీ స్పీకరుదీ ఎదురుబొదురు దారి. పట్టాను కావాలనే కాస్త చిన్నగా చేసి పిడకల మంటలో కాలుస్తారు. ఇనుము ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. 500 డిగ్రీల వేడి ఎక్కితే మీటరున్నర పట్టా వ్యాసంలో 9 మి.మీ. సాగుతుంది. ఎర్రగా ఉన్నప్పుడే చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుని ఆకులన్నిటినీ (చక్రం పుల్లలను) కుండలోకి, అంటే నడిమి దిమ్మలోకి, తోస్తుంది. అక్కడ బిగువే ప్రాణం. స్పీకరు ఫ్రేమును బలవంతంగా దిగగొడితే వంగిపోవచ్చు, వంగితే లోపల కోన్‌ను కదిపే తీగచుట్ట (కాయిల్) గీసుకుంటుంది. పైగా మెట్టు గోడకు పూసే రంగు కూడా సందును తింటుంది. అందుకని చుట్టూ ఒక మిల్లీమీటరు వదలాలి. 312కు 2 కలిపితే 314, వ్యాసార్థం 157. కేంద్రంలో మేకు కొట్టి దాని చుట్టూ రూటర్‌ను తిప్పుతాం కదా, ఇది ఆ మేకు నుంచి రూటర్ బిట్ (కోసే ములుకు) బయటి అంచుకు ఉండాల్సిన దూరం. బిట్ 6 మి.మీ. అయితే దాని నడిమికి 154. ముందు మెట్టు తీయాలి, ఆ తర్వాతే లోపలి రంధ్రం. రంధ్రం ముందు కోస్తే మేకు కొట్టిన కేంద్రమే ఊడి కిందపడుతుంది.

మెట్టు లోతు: ఫ్రేము అంచు 8 మి.మీ., కింద నలిగిన ఫోమ్ పట్టీ 1 మి.మీ., మొత్తం 9. 18లో 9 పోతే స్పీకరు బరువు మోసే చోట చెక్క సగమే మిగిలింది. ముందు పలకను రెండు పొరలు అతికించి 36 చేయమన్నాను.

"ఇట్ల సమంగ కూసుంటె బేస్ పెరుగుతదంటరు, నిజమేనా సార్?" అని అడిగాడు. ఈ నమ్మకం చాలామందిలో ఉంది. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, మన ఎండాకాలపు గాలిలో ఇంకాస్త ఎక్కువ. దానికి 8 మి.మీ. మెట్టు ఉన్నా లేనట్టే. అదే ట్వీటర్‌లో (సన్నటి పై స్వరాల స్పీకరులో) 10,000 హెర్ట్జ్ తరంగం 3.4 సెంటీమీటర్లు. 8 మి.మీ. అంటే అందులో దాదాపు పావు వంతు, అక్కడ అంచు తగిలి శబ్దం చెదురుతుంది. సబ్‌వూఫర్‌ను సమంగా దించడం కంటి ఇంపు కోసం, సామాను తగలకుండా ఉండడం కోసం.

చెవికి పట్టేది గాలి బిగింపు. కోన్ వెనక మూసిన గాలి ఒక స్ప్రింగు. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 0.05 చదరపు మీటర్లు. అది 10 మి.మీ. లోపలికి వస్తే అర లీటరు గాలి నొక్కుకుంటుంది. 40 లీటర్ల డబ్బాలో పీడనం 1.75 శాతం, అంటే దాదాపు 1,750 పాస్కల్స్ పెరుగుతుంది. కోన్ మీద అది తొమ్మిది కిలోల బరువు. 40 సెం.మీ. చదరపు పక్క పలక మీద 28 కిలోలు, సెకనుకు 40 సార్లు, ఒకసారి బయటికి తోస్తూ ఒకసారి లోపలికి లాగుతూ. ఎక్కడ సన్నటి సందున్నా ఆ గాలి ఈలేస్తూ పోతుంది.

వారం తర్వాత వీడియో పంపాడు. కొత్త పలక, స్పీకరు చుట్టూ ఒకే తీరుగా సన్నటి నల్లటి గీత. అరచేత్తో కోన్‌ను నెమ్మదిగా నొక్కి వదిలాడు. టక్కున ఎగిరొచ్చింది. అయినా గాలి ఎక్కడా పోవడం లేదని రూఢి చేసుకోవాలి. అగరబత్తి వెలిగించి అతుకుల వెంట తిప్పమన్నాను. ముందు పలక దగ్గర పొగ నిలకడగానే ఉంది. వెనక వైరు బయటికొచ్చే రంధ్రం దగ్గర మాత్రం, తక్కువ స్వరం మోగినప్పుడల్లా లోపలికీ బయటికీ ఊగింది. అక్కడ సిలికాన్ పెట్టి, ఆరేదాకా తాకకని చెప్పాను.