కత్తి పట్టకముందే తెలుస్తుందా?

రొమ్ము క్యాన్సర్‌కు ముందు ఆపరేషన్, తర్వాత మందులు. చాలాకాలం ఇదే వరుస. 1988లో అమెరికాలో మొదలైన బి-18 అనే అధ్యయనం 1,523 మంది స్త్రీలతో ఈ వరుసను తిరగేసి చూసింది. కీమోథెరపీ ముందిచ్చినా తర్వాతిచ్చినా ఆయుష్షులో తేడా రాలేదు. కానీ ముందిస్తే ఒక సదుపాయం ఉంది: మందు పనిచేస్తున్నదో లేదో గడ్డే చెబుతుంది. ఆపరేషన్ అయిపోయాక చూడడానికి గడ్డ ఉండదు కదా!

అంతకు ఏడాది ముందే, 1987లో, డెన్నిస్ స్లామన్ బృందం హెర్-2 జన్యువు ప్రతులు అతిగా పెరిగిన కణితులు త్వరగా తిరగబెడతాయని చూపింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. తొలుత అది వ్యాధి ఒళ్లంతా పాకినవారికే. దాన్ని ఆపరేషన్‌కు ముందు కీమోతో కలిపి ఇస్తే? టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆస్పత్రి 164 మందితో తలపెట్టిన పరీక్షను 34 మంది ఫలితాలు చూసి ఆపేశారు. ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని సూక్ష్మదర్శినితో వెదికినా క్యాన్సర్ కనిపించనివారు కీమో ఒక్కటే ఇచ్చిన గుంపులో 25 శాతం, ట్రాస్టుజుమాబ్ కూడా కలిపిన గుంపులో 66.7 శాతం.

నా దృష్టిలో అసలు మలుపు 2012లో వెలువడిన నియోస్ఫియర్ అనే అధ్యయనం ఫలితాలు. ట్రాస్టుజుమాబ్, అదే హెర్-2 ప్రొటీన్‌ను మరోచోట పట్టుకునే పెర్టుజుమాబ్, కీమో మూడూ కలిస్తే 45.8 శాతం మందిలో క్యాన్సర్ ఆనవాలు పోయింది. మరుసటి ఏడాది ఆపరేషన్‌కు ముందు వాడడానికి పెర్టుజుమాబ్‌కు అమెరికాలో అనుమతి తెచ్చిపెట్టింది ఈ అధ్యయనమే. అందరూ ఆ అంకెనే చెప్పుకున్నారు. పక్కనే చిన్న అంకె ఒకటుంది. కీమో చుక్క కూడా లేకుండా ఆ రెండు మందులే తీసుకున్నవారిలోనూ 16.8 శాతం మందికి గడ్డ మాయమైంది. జుట్టు రాలడం, వాంతులు, నరాల తిమ్మిరి వీళ్లకు అవసరమే లేదన్నమాట. ఎవరు వీళ్లు? ముందే గుర్తుపట్టడం ఎలా?

జాడలు కొన్ని దొరికాయి. ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లను అందుకునే గ్రాహకాలు లేని కణితులు మెరుగ్గా స్పందిస్తాయి. పీఐకే3సీఏ జన్యువులో మార్పు ఉన్నవి మొండికేస్తాయి. గడ్డలోకి రోగనిరోధక కణాలు బాగా చేరి ఉంటే మంచి సూచన. 2017లో పమేలా అధ్యయనం బయాప్సీ ముక్కలో జన్యువుల తీరు చదివింది. కీమో లేకుండానే, హెర్-2 మీదే ఆధారపడి బతికే రకం కణితుల్లో 41 శాతం కరిగిపోయాయి, మిగతా రకాల్లో 10 శాతమే. తేడా పెద్దదే. కానీ తన గడ్డ ఆ 41లో ఉందో, మిగిలిన 59లో ఉందో తెలియని మనిషికి కీమో మానేయమని ఏ వైద్యుడు చెప్పగలడు?

అందుకే ఫెర్‌గెయిన్ అధ్యయనంలో ముందస్తు జోస్యం మానేసి, ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ రెండు విడతలు ఇచ్చి, గడ్డ ఎంత చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ తీశారు. స్పందన కనిపించని వారిని కీమోకు మార్చారు. స్పందించిన 227 మందికి కీమో లేకుండానే చికిత్స కొనసాగించారు. వారిలో 86 మందికి ఆపరేషన్‌లో క్యాన్సర్ దొరకలేదు. తక్కిన 141 మంది స్కాన్లు కూడా అంతే ఆశాజనకంగా కనిపించాయి.