కర్ర సమ్మెట, తోలు పిడి: పిల్లలకు ఉత్తరం

బరంపురం,
ఫాల్గుణ మాసం

చిరంజీవులకు,

ఈసారి ఠాకురాణి అమ్మవారి యాత్రకి వేషం కడతామనీ, చేతిలోకి రాక్షసవీరులు పట్టేలాంటి యుద్ధ సమ్మెట కావాలనీ రాశారు. థర్మాకోల్‌తో అయితే ఒక పూటలో తెమిలిపోతుంది గాని, ఆ జనంలో నాలుగు వీధులు తిరిగేసరికి మూలలన్నీ రాలిపోతాయి. కర్రతో చెయ్యండి, పిడికి తోలు వెయ్యండి. పది రోజుల పని. అందులో సగం రోజులు జిగురూ తోలూ ఆరడానికే పోతాయి. నల్లరంగు కుండ మాత్రం ఇవాళే పెట్టెయ్యండి, దాని సంగతి కింద చెబుతాను.

ముందు బరువు తేల్చుకోవాలి. బొమ్మల్లో సమ్మెట తల గుమ్మడికాయంత ఉంటుంది. అసలుది అలా ఉండదు. యూరప్‌లో 14, 15 శతాబ్దాల్లో సైనికులు ఒళ్లంతా ఉక్కు రేకులు తొడుక్కుంటే కత్తి వాటి మీద జారిపోయేది. అప్పుడు ఈ సమ్మెటకి గిరాకీ వచ్చింది. తల చిన్నదే. ఒక వైపు సుత్తి మొహం, రెండో వైపు వంకర ముక్కు. దెబ్బ బలమంతా చిన్నచోట పడితేనే రేకు సొట్టపోతుంది. మనది వేషం గనక చూపుకి పెద్దదిగా, మోతకి తేలిగ్గా ఉండాలి. మొత్తం కిలో దాటనివ్వకండి. దాటితే గంటలో మణికట్టు లాగేస్తుంది, ఆపైన మోసేది మీ నాన్నే. వెనక ముక్కు కూడా వద్దు. ఆ రద్దీలో ఎవరి కంటికో తగులుతుంది.

తలకి ఒకే దుంగ తీసుకోవద్దు. బరువు, పైగా ఎండితే నడిమికి పగులుతుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చాలు. చిత్రిక పట్టాక 1.5 సెం.మీ. మందం రావాలి. 16 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు ముక్కలు నాలుగు; 6 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు ముక్కలు నాలుగు. నార ఎప్పుడూ పొడవు వెంబడే ఉండాలి. రంపం, ఉలి పట్టినప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. చెక్కని చేత్తో పట్టుకుని కొయ్యొద్దు, బల్లకి క్లాంపు వేసి కొయ్యండి.

ఇప్పుడు కిటుకు. కామ, అంటే సమ్మెట కర్ర, దూరే బెజ్జాన్ని ఉలితో తొలవడం కొత్తవాళ్లకి గండమే: ఒక వైపు సరిగ్గా దిగుతుంది, రెండో వైపు వంకరపోతుంది. అందుకని అసలు తొలవొద్దు. పొడుగు ముక్కలు రెండు అటు, రెండు ఇటు, మధ్యలో పొట్టి ముక్కల పొరలు రెండు. పొట్టి ముక్కల మధ్య 4 సెం.మీ. ఖాళీ వదిలితే బెజ్జం దానంతటదే వస్తుంది, 3 సెం.మీ. మందంతో. పొట్టి ముక్కల లోపలి అంచుని కొంచెం ఏటవాలుగా కొయ్యండి. కింద 4 సెం.మీ. ఉన్న ఖాళీ పైకి వచ్చేసరికి 4.4 అవ్వాలి. ఎందుకో కింద చీల (కామని బిగించే చెక్కముక్క) దగ్గర తెలుస్తుంది.

ఫెవికాల్‌ని ప్రతి పొరకీ పలచగా, అంచుదాకా పుయ్యండి. ఎక్కువైతే బిగిస్తున్నప్పుడు పొరలు సబ్బు మీద కాలులా జారతాయి. జారకుండా లోపలి మొహాల మీద రెండు చిన్న మేకులు కొట్టి, తలలు కత్తిరించి, మొనలు 2 మి.మీ. పైకి ఉంచండి, పై పొర వాటికి గుచ్చుకుని నిలబడుతుంది. ఖాళీలో ఒక కర్రముక్కకి పాలిథిన్ చుట్టి పెడితే జిగురు లోపలికి కారదు. క్లాంపులు లేకపోతే తాడు నాలుగు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి. 24 గంటలు కదపకండి. ఆ తర్వాత మూలలన్నీ 1 సెం.మీ. ఏటవాలుగా దించి గరుకు కాగితం పట్టండి. గరుకు పోయి అరచేతికి జారేదాకా రుద్దాలి.

కామకి నల్లతుమ్మ చేవ. బండి చక్రాలకీ పలుగు పారల కామలకీ మనవాళ్లు దాన్నే వాడేవాళ్లు, దెబ్బ ఓరుస్తుందని. గోపాలపురం వైపు సరుగుడు చవగ్గా దొరుకుతుంది గాని అది బరువు, ఎండుతూ నిలువునా చీలుతుంది. 75 సెం.మీ. పొడవు, 4.5 వెడల్పు, 3.5 మందం ముక్క తీసుకోండి. చివరి నుంచి చివరికి నార తిన్నగా ఉందో లేదో చూడండి. మధ్యలో పక్కకి తిరిగి బయటికొచ్చేస్తే అక్కడే విరుగుతుంది. పైన 8.5 సెం.మీ. మేర నాలుగు వైపులా 2.5 మి.మీ. తీసేస్తే భుజం ఏర్పడుతుంది. తల ఆ భుజం మీద కూర్చుంటుంది, కిందికి జారదు. భుజం కింద నెమ్మదిగా సన్నం చేస్తూ 3.2, 2.6 సెం.మీ. కోలగా దించండి. గుండ్రంగా చెయ్యొద్దు. కోలగా ఉంటే సమ్మెట మొహం ఎటుందో చూడకుండానే చేతికి తెలుస్తుంది.

ఇక చీల. కామ పైకొసలో 5 సెం.మీ. లోతున రంపపు గాటు పెట్టి, గాటు అడుగున 4 మి.మీ. బెజ్జం వెయ్యండి, లేకపోతే పగులు కిందికి పాకుతుంది. ఆ గాటు ఎటు పెట్టాలన్నది ముఖ్యం. మామూలు ఇనప సుత్తికి గాటు దెబ్బ పడే దిక్కు వెంబడి ఉంటుంది. ఇక్కడ అలా పెడితే చీల పక్కలకి తోసి, మీరు అతికించిన పొరలనే విప్పేస్తుంది. అందుకని గాటు అడ్డంగా, 3 సెం.మీ. మందానికి అటూ ఇటూ ఉండాలి. అప్పుడు తోపుడంతా పొట్టి ముక్కల మీద పడుతుంది. తుమ్మ చేవలోంచే 3 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. పొడవు, పైన 6 మి.మీ. మందం ఉన్న చీల చెక్కి, జిగురు రాసి కొట్టండి. పైన వెడల్పుగా వదిలిన ఖాళీలో కామ విచ్చుకుంటుంది. ఇంక తల పైకి ఊడి రాదు. మిగిలిన కొస కోసెయ్యండి. కర్ర మాత్రం బాగా ఎండినదై ఉండాలి. పచ్చి కామ బిగిస్తే అప్పటికి రాయిలా ఉంటుంది, వైశాఖం వచ్చేసరికి తల కటకటమంటుంది.

రంగు. కలంకారీ వాళ్లు నలుపుకి వాడే కసిమి తెలుసు కదా. లీటరు నీళ్లలో వంద గ్రాముల బెల్లం, గుప్పెడు తుప్పు పట్టిన ఇనప ముక్కలు వేసి, మట్టికుండ మీద గుడ్డ కట్టి రెండు మూడు వారాలు వదిలెయ్యాలి. మూత బిగించొద్దు, పొంగుతుంది. పైన్‌లో వగరు (టానిన్) తక్కువ గనక ముందు కరక్కాయ కషాయం రెండుసార్లు పూసి ఆరనిచ్చి, దాని మీద కసిమి పుయ్యాలి. చెక్క కళ్లముందే బూడిదరంగుకీ, ఆపైన నల్లగానూ తిరుగుతుంది. ఇనుమూ వగరూ కలిస్తే నలుపే. ఆరాక పెన్సిల్ ముల్లు పొడి మూలల మీద రుద్దితే అచ్చం ఇనుమే, దూరం నుంచి ఎవరూ పోల్చలేరు. పైన వార్నిష్ రెండు పూతలు. అది లేకపోతే చెమటకి మీ చొక్కా నలుపవుతుంది. తుమ్మలోనూ వగరు దండిగా ఉంది. కామ మీద కసిమి చుక్క పడిందా, మచ్చ పోదు. కామకి ముందే గుడ్డ చుట్టండి.

తోలు ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. తంగేడు చెక్క (బెరడు) లాంటి వాటితో పదును చేసిన మేకతోలు కావాలి, 1 మి.మీ. మందం. క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు నీళ్లలో నానినా, పెట్టిన వంపుని ఆరాక నిలుపుకోదు. కొనేటప్పుడు అంచు కోసి చూడండి. క్రోమ్‌ది తరచు నీలిబూడిద రంగులో కనబడుతుంది, చెక్క పదునుది మందమంతా గోధుమరంగే. ఇంకా అనుమానమైతే చిన్న ముక్క మీద కసిమి చుక్క వెయ్యండి. నల్లబడితే మనకి కావలసినదే.

పిడి 25 సెం.మీ. మేర ముందు జనపతాడు 2.5 సెం.మీ. ఎడంగా మరచుట్టులా చుట్టి అతికించండి. పిడి చుట్టుకొలతని కాగితం పట్టీతో కొలవండి, సుమారు 9 సెం.మీ. ఉంటుంది. తోలుని అంతకన్నా 3 మి.మీ. తక్కువ వెడల్పుతో, పొడిగా ఉన్నప్పుడే కొయ్యండి. రెండు పొడుగు అంచులకీ 3 మి.మీ. లోపల, 5 మి.మీ. ఎడంగా ఆరెతో బెజ్జాలు పొడవండి. అటు 49 అయితే ఇటూ 49 ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా కుట్టు మెలితిరిగి చివర ముడత పడుతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, నీరు ఒత్తి తీసి, పిడి మీద పలచగా ఫెవికాల్ రాసి చుట్టండి. రెండు మీటర్ల మైనపు దారం, రెండు కొసలకీ రెండు సూదులు, బూటు లేసులా అడ్డదిడ్డంగా. నాలుగైదు కుట్లకోసారి ఆగి బిగించండి. అన్నీ వేశాక ఒకేసారి లాగితే బెజ్జాలు చినుగుతాయి. తడితోలు మీద ఇనుము ఎంతసేపూ ఆననివ్వకండి: కత్తెర, పిన్ను, మేకు ఏదైనా నల్లమచ్చ వేస్తుంది. కసిమిలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. కుట్టయ్యాక తాడు గట్ల మధ్య పల్లాల్లోకి మరో తాడు గట్టిగా చుట్టి నీడలో ఒక రోజు ఉంచండి. త్వరగా ఆరుతుందని మేడమీద ఎండలో పెడితే తోలు అప్పడంలా బిరుసెక్కి కుట్టు దగ్గర చిట్లుతుంది. తాడు విప్పాక చూడండర్రా, గట్లూ పల్లాలూ వేళ్లకి ఎలా పట్టిస్తాయో! గుడ్డకి నాలుగు చుక్కల ఆముదం అద్ది తుడవండి, అంతకన్నా ఎక్కువ వద్దు, జిడ్డోడుతుంది.

మెడ దగ్గర భుజం కనబడకుండా 2.5 సెం.మీ. తోలు పట్టీ రెండు అడ్డంగా వేసి, ఇత్తడి తలమేకులు కొట్టండి. అంగట్లో ఇత్తడి పూత వేసిన ఇనప మేకులే ఎక్కువ. అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి, అంటుకుంటే కొనొద్దు. పట్టీలు అందానికే. తల ఊగుతోందని పట్టీ బిగిస్తే ఊగడం ఆగదు, చీల మళ్లీ చూసుకోవాలి.

యాత్ర ముందురోజు సమ్మెటని తలకిందులుగా పట్టుకుని కామ అడుగున సుత్తితో రెండు చిన్న దెబ్బలు వెయ్యండి. తల భుజం మీద ఇంకా బిగుసుకుంటుంది. చీల పైకి తేలిందేమో అప్పుడే కనబడుతుంది, తేలితే లోపలికి కొట్టండి.

మీ తాతయ్య