వ్యాయామం చేయమంటూ ఫోనుకొచ్చే మెసేజ్: ఇరవై ఏళ్ల కథ

1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే బ్రిటిష్ ఇంజనీరు కంప్యూటర్ నుంచి ఒక ఫోనుకు ‘మెర్రీ క్రిస్మస్’ అని పంపాడు. అదే మొదటి ఎస్సెమ్మెస్. పదేళ్లు తిరిగేసరికి టీనేజీ పిల్లలకు అదే లోకమైపోయింది. పెద్దల మాట వినని వయసులోనూ ఫోను మోగితే చూస్తారన్న సంగతి మధుమేహ వైద్యుల కంట పడింది. స్కాట్లాండ్‌లోని డండీలో ఇన్సులిన్ మీదున్న పిల్లలకు మెసేజ్‌లు పంపి చూసి, ఫలితాలను 2006లో ప్రకటించారు. తమ జబ్బును తాము చూసుకోగలమన్న ధైర్యం ఆ పిల్లల్లో పెరిగింది. న్యూజిలాండ్‌లో మాత్రం అలాంటి పిల్లలకే అడుగులు లెక్కపెట్టే పెడోమీటర్లిచ్చి 12 వారాలు మెసేజ్‌లు పంపినా నడక పెరగలేదు.

అసలు మలుపు 2010లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం. 16-19 ఏళ్ల వాళ్లు 120 మందిని తీసుకుని రెండు వారాలు మెసేజ్‌లు పంపారు. కొందరికి వ్యాయామం ఆరోగ్యానికి మంచిదని, కొందరికి అది హాయిగా, సరదాగా ఉంటుందని, కొందరికి రెండూ కలిపి. కదలిక అన్ని గుంపుల్లోనూ కొంత పెరిగింది. అయితే మొదట్లో బొత్తిగా కదలనివాళ్లను ఎక్కువగా కదిలించింది సరదా మాటే. లాభాల చిట్టా చదివితే అలాంటి పిల్లలు అంతగా లేవరు. ఇది మన బడుల్లో ఇప్పటికీ ఎవరూ పట్టించుకోని విషయం.

మన దేశంలో ఈ పద్ధతికి గట్టి రుజువు పెద్దవాళ్ల నుంచి వచ్చింది. దక్షిణాదిలో మధుమేహం అంచున ఉన్న 537 మంది ఉద్యోగులను, అందరూ 35-55 ఏళ్ల మగవాళ్లే, తీసుకుని దాదాపు సగం మందికి ఆహారం, వ్యాయామం గురించి మెసేజ్‌లు పంపారు. మెసేజ్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి మధుమేహం వచ్చిందని 2013లో తేలింది.

ఇక పిల్లల సంగతి. రోజుకు 60 నిమిషాల కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, 11-17 ఏళ్ల మన పిల్లల్లో దాదాపు 74 శాతం మందికి అది లేదని 2019 నాటి నివేదిక చెప్పింది. ప్రపంచ సగటు 81 శాతంతో పోలిస్తే మనం నయమే. అబ్బాయిల విషయంలో క్రికెట్, అమ్మాయిల విషయంలో ఇంటిపని అందుకు కారణాలు కావచ్చన్నారు. అమ్మాయిలు చేసే చాకిరీని చూసి సంతోషించడం నాకు చేతకాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ పిల్లలది ఇంకా గడ్డు పరిస్థితి. చాలా ప్రైవేటు కాలేజీల హాస్టళ్లలో ఫోను ఉండనివ్వరు, ఆడుకోవడానికి గ్రౌండూ ఉండదు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలకు సాయంత్రం వేళ తెలుగులో ఓ సరదా మెసేజ్ పంపి చూడొచ్చు. హాస్టల్ పిల్లలకు మాత్రం ముందు టైంటేబుల్‌లో ఆటల గంట పెట్టాలి.